విడిచిన పంక్తులు

మా యింటి బైబిలు తొలి పుటలో మా తాతగారి చేవ్రాత కలదు: మా తండ్రిగారు 1944వ సంవత్సరము జనవరి మాసమున ఉదయము 7 గంటలకు జన్మించిరి. మా నాయనమ్మ మాత్రము "అప్పటికింకను ప్రొద్దు పొడువలేదు" అనుచుండెడిది. మా గుంటూరు సీమలో ఆ మాసమున 6 గంటల 40 నిమిషముల ప్రాంతముననే సూర్యుడుదయించును. "గడియారము చూడనేరని నీకేమి తెలియును?" అని చిన్నతనమున నేనామెను పరిహసించితిని. ఆమె చిఱునవ్వు నవ్వి యూరకుండెను.

ఇటీవల భూగోళ పాఠమునకై వివిధ దేశముల కాలమానముల పట్టికను సిద్ధపఱుప బూనితిని. ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ అను నాతడు ప్రారంభింపగా, నేడు లోకమందలి కంప్యూటర్లలో పెక్కింటికి ఆధారమైయున్న కాలమండలముల ఫైళ్లు ఉచితముగా లభించును. వానిలో 'జోన్' అను మాటతో మొదలగు పంక్తియందు ఊరి పేరు, గ్రీనిచ్ కాలముతో భేదము, అది ముగిసిన తేదీ వరుసగా నుండును. అట్టి పంక్తులనేఱి, మాటలను విడదీసి, పట్టికగా కూర్చునట్లు పైథాన్ భాషలో చిన్న స్క్రిప్టును వ్రాసితిని.

పట్టిక వచ్చెను గాని, కోల్‌కతాకు 1854లో ముగిసిన 5:53:28 అను పంక్తి యొక్కటియే కానవచ్చెను. నేటి 5:30 ఏమైనది? మూలమును పరిశీలింపగా తప్పు తెలిసెను. ఊరి పేరు మొదటి పంక్తిలోనే యుండును. తరువాతి పంక్తులకు పైపేరే వర్తించును. పేరు లేదని నా స్క్రిప్టు వానినెల్ల విడిచినది. క్రొత్త జోన్ వచ్చువఱకు పైపేరును జ్ఞాపకముంచుకొనునట్లు దిద్దితిని.

అంతట విడిచిన పంక్తులన్నియు వచ్చెను: 1870 మొదలు మదరాసు కాలమైన 5:21:10, 1906 జనవరి 1 మొదలు 5:30, 1942 సెప్టెంబరు మొదలు 1945 అక్టోబరు 15 వఱకు 6:30. యుద్ధకాలమున గడియారములను ఒక గంట ముందునకు జరిపిరి!

నేను నిశ్చేష్టుడనైతిని. 1944 జనవరిలో గడియారమున 7 గంటలనగా నేటి లెక్కకు 6 గంటలే. అప్పటికి ప్రొద్దు పొడువదు. తాతగారు వ్రాసినది నిజము. నాయనమ్మ చెప్పినదియు నిజము. తప్పినవాడను నేనొక్కడనే. క్షమాపణ వేడుటకు ఆమె నేడు లేదు.

బాలబాలికలారా! ఇరువురు సాక్షుల మాటలు పొసగనప్పుడు, ఒకరిని అసత్యవాదియనుటకు ముందు, మీరు విడిచిన పంక్తి యేదైన నున్నదేమో వెదకుడు. పెద్దలు బ్రతికియుండగనే వెదకుడు.