తీసేసిన తీగ

రోలింగ్ స్టోన్స్ బ్యాండ్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ ఆత్మకథ ‘లైఫ్’ చదువుతున్నాను. 2010లో వచ్చింది. బ్యాండ్ గొడవలు, అరెస్టులు గబగబా దాటేశాను గానీ, తాతయ్య గస్ దగ్గర ఆగిపోయాను. గిటార్‌ని మనవడికి అందీ అందని ఎత్తులో ఉంచి, వాడు దాన్ని అందుకునేదాకా ఎదురుచూశాడట. ఎంత ఓర్పు!

1961లో డార్ట్‌ఫర్డ్ స్టేషన్లో కీత్‌కి చిన్ననాటి నేస్తం మిక్ జాగర్ ఎదురుపడ్డాడు. చేతిలో చక్ బెర్రీ, మడ్డీ వాటర్స్ రికార్డులు. స్నేహం మళ్లీ అక్కడే అల్లుకుంది.

కీత్ తన గిటార్‌లో ఆరో తీగ తీసేసి, మిగతా అయిదింటినీ ‘ఓపెన్ జీ’ శ్రుతిలో పెట్టుకున్న సంగతి చదివాక పుస్తకం పక్కన పెట్టి, ఆ శ్రుతిలోనే వాయించిన ‘హాంకీ టాంక్ విమెన్’ విన్నాను. ఎన్నేళ్లుగానో వింటున్న పాటే. ఈసారి తీగల మధ్య ఖాళీ కూడా వినబడింది. మా అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. మళ్లీ మొదట్నుంచి పెట్టాను.