గంగ ఒడ్డున బీటిల్స్ మకాం

మా పెద్దన్నయ్య సంవత్సరీకాలు అయిన మరుసటి నెలలో, ఒకసారి గంగాస్నానం చేసి రావాలంది మా వదిన. మేనల్లుడు ప్రయాణం ఏర్పాటు చేశాడు. నన్నూ రమ్మన్నారు. బరంపురంలో బయలుదేరి, ఢిల్లీ మీదుగా హరిద్వారం చేరి, అక్కణ్ణించి ఋషీకేశం వెళ్ళి, తిరుమల దేవస్థానంవారి ఆంధ్ర ఆశ్రమంలో బస చేశాము. అంత దూరాన పొద్దున్నే తెలుగు మాట చెవిని పడితే ప్రాణం లేచివచ్చింది.

స్నానాలూ, దర్శనాలూ అయినాయి. "అత్తయ్యా, నాన్న చూడాలని చూడాలని చూడకుండానే పోయిన చోటు ఒకటుంది. వెడదామా?" అన్నాడు మావాడు. ఆ చోటేదో నాకు తెలుసు. కాదనలేకపోయాను.

పడవలో గంగ దాటి, స్వర్గాశ్రమం మీదుగా ఏటి వెంబడే దిగువకు నడిచాము. బజారు వెనకబడి అడవి మొదలయ్యే చోట ఒక గేటు. అదే చౌరాసీ కుటియా, అంటే ఎనభైనాలుగు కుటీరాలు. మహర్షి మహేశ్ యోగిగారి పాత ఆశ్రమం. ఇప్పుడు లోకమంతా దాన్ని బీటిల్స్ ఆశ్రమం అంటోంది.

నా ఈడు ఆడవాళ్ళలో ఎరగనివారు ఉంటారు గనుక రెండు మాటలు చెబుతాను. ఇంగ్లాండులో లివర్‌పూల్ అనే ఓడరేవు పట్నం ఉంది. జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్ అనే నలుగురు ఆ ఊరి కుర్రాళ్ళు. 1960 తర్వాత వీళ్ళ పాటలు దేశదేశాలను ఊపేశాయి. ధనం, కీర్తి కావలసినన్ని వచ్చాయి, మనశ్శాంతి రాలేదు. 1967 ఆగస్టులో వాళ్ళ వ్యవహారాలు చూసే ఎప్‌స్టీన్ హఠాత్తుగా చనిపోయాడు. ఆ వార్త అందేనాటికి వాళ్ళు వేల్స్‌లో మహర్షిగారి దగ్గరే ఉన్నారు. 1968 ఫిబ్రవరిలో ధ్యానం నేర్చుకోవడానికి ఇక్కడికే వచ్చారు.

వెనకాలే పత్రికలవాళ్ళు వచ్చి గేటు ముందు కాపలా వేశారు. లోపల ఉన్నది కళ్ళు మూసుకుని కూర్చున్న మనుషులు. దాన్ని గురించి రోజూ ఏం వార్త రాస్తారు? అంచేత ఎవరేం తిన్నారు, ఎవరేం కట్టారు అని రాశారు. మహర్షిగారికి కిలకిల నవ్వుల గురువని పేరు పెట్టారు. ఇక్కడి తిండి పడక రింగో పది రోజులకే వెళ్ళిపోతే అదీ వార్తే అయింది.

ఆ వార్తలు బరంపురంలో మా వసారాలోకీ వచ్చాయి. నాకప్పుడు పదేళ్ళు, అన్నయ్యకు పద్దెనిమిది. చెవుల మీదికి జుట్టు పెంచాడు. "తెల్లవాళ్ళు మన ఋషుల దగ్గరకు వస్తున్నారు, మన ఋషిపుత్రుడు తెల్లవాడవుతున్నాడు!" అని నాన్నగారు పేపరు చదివి ఇరుగుపొరుగుకు వినిపించేవారు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. ఒకనాడు అన్నయ్య కలకత్తా నుంచి తెప్పించుకున్న రికార్డు నాన్నగారి చేతిలో రెండు ముక్కలయింది. తర్వాత ఏడాదిపాటు తండ్రీ కొడుకులకు మాటల్లేవు.

గేటు దాటి లోపలికి వెళ్ళాము. టిక్కెట్టు ఉంది. స్థలం అటవీశాఖది. మహర్షిగారు కౌలుకు పుచ్చుకున్నారు. ఆశ్రమం ఖాళీ అయ్యాక చాలాకాలం అడవే ఏలింది. 2015 డిసెంబరులో అటవీశాఖ జనానికి తెరిచింది. ఏటి గుండ్రాళ్ళతో కట్టిన గుమ్మటం గుడిసెలు వరుసగా ఉన్నాయి. బీటిల్స్ వీటిలోనే ఉన్నారనుకుంటారు చాలామంది. ఇవి తర్వాత కట్టినవి. పెద్ద హాలు గోడల నిండా ఈనాటి చిత్రకారులు వేసిన బొమ్మలు. పైకప్పు లేని గదుల్లో రావిమొక్కలు. ఒక భవనంలో పాత ఛాయాపటాలు పెట్టారు. 1968లో ఇక్కడికి వచ్చిన పాల్ సాల్ట్‌జ్‌మన్ అనే కెనడా యువకుడు తీసినవి.

గేటు బయట పత్రికలు కబుర్లు అల్లుతుంటే, లోపల వాళ్ళు పాటలు కట్టుకున్నారు. ఆ నవంబరులో వచ్చిన, తెల్ల అట్ట గల జంట రికార్డులో 30 పాటలు. వాటిలో చాలా వాటికి పుట్టిల్లు ఈ అడవే. ధ్యానంలో పడి గది విడిచి రాని ప్రూడెన్స్ అనే అమ్మాయిని బయటికి పిలిచే పాట ఒకటి. ఆశ్రమంలో ఉంటూనే పులి వేటకు వెళ్ళివచ్చిన అమెరికా కుర్రాణ్ణి వెక్కిరించే పాట ఇంకొకటి. ఇప్పుడీ చోటు రాజాజీ పులుల అభయారణ్యం పరిధిలో ఉంది!

ఏప్రిల్‌లో లెనన్, హారిసన్ వెళ్ళిపోయారు. గురువుగారి మీద ఒక అపవాదు పుట్టింది, రుజువేమీ లేదు. లెనన్ కోపంతో ఒక పాట కూడా కట్టాడు. ఇక బీటిల్స్ కళ్ళు తెరిచారని పత్రికలు తీర్పు చెప్పేశాయి. కాని 1992లో లండనులో మహర్షి అనుయాయుల పార్టీ కోసం హారిసన్ కచేరీ చేశాడు. గురువుగారు 2008లో పోయారు. మరుసటి ఏడు న్యూయార్కులో, పిల్లలకు ఆ ధ్యానం నేర్పే నిధి కోసం మెకార్ట్నీ, రింగో కలిసి పాడారు. ఇప్పుడు ఆ నాలుగు వారాల, ఎనిమిది వారాల మకాం మీద పుస్తకాలు, చలనచిత్రాలు వస్తున్నాయి. వెక్కిరించిన లోకమే టిక్కెట్టు కొని చూస్తోంది.

సాయంత్రం గుండ్రాళ్ళ గుడిసె నీడన కూర్చున్నాము. మావాడు ఫోనులో ఆ ప్రూడెన్స్ పాట పెట్టాడు. వదిన కళ్ళు మూసుకుని విన్నది. పాట అయిపోయాక, యాభై ఏళ్ళుగా నా నోట రాని మాట చెప్పాను.

"వదినా, ఆ రికార్డు బియ్యం డబ్బా వెనకాల ఉందని నాన్నగారికి చెప్పింది నేను."

"తెలుసమ్మాయీ," అంది. "పెళ్ళయిన కొత్తలోనే చెప్పారు మీ అన్నయ్య. చిన్నపిల్ల, అందరూ నవ్వుతుంటే తనూ నవ్వింది, దాని తప్పేముంది అనేవారు."

నాకేమీ తోచలేదు. దిగువన గంగ చప్పుడు వినబడుతూనే ఉంది.

మన కుటుంబాల వాళ్ళు ఋషీకేశం వెళితే ఒక పూట ఇక్కడికి కేటాయించండి. నీళ్ళసీసా తీసుకువెళ్ళండి; కోతులున్నాయి, చేతిలో తినుబండారాలు కనబడనివ్వకండి; పొద్దు వాలకముందే బయటికి రండి. ఇంట్లో పాటల పిచ్చి ఉన్న కుర్రాడెవరైనా ఉంటే, వెంటబెట్టుకు వెళ్ళండి.