ఇంట్లో నిలవని తాత

మాచర్ల పక్కన నల్లమల కొండలకు ఆనుకున్న ఊరు మాది. మా తాత ఇంట్లో పడుకున్నాడంటే జ్వరం తగిలిందేమోనని ఊళ్ళోవాళ్ళు పలకరింపుకొచ్చేవాళ్ళు. వానొస్తే పంచలో, లేకపోతే దొడ్లో మేకల మంద పక్కన ఆయన నులకమంచం, గొంగడి. ‘మనకు చుట్టం, అడవికి ఇంటాయన’ అనేది అమ్మమ్మ.

నాపరాళ్ళ ఇల్లు కదా, ఎండాకాలం అరుగులూ గోడలూ అర్ధరాత్రి దాకా సెగలు కక్కేవి, అందుకని పిల్లలమంతా ఆ మంచం చుట్టూనే చేరేవాళ్ళం. చలికాలమైతే గొల్లకావడి ఎంత వాలిందో చూసి, తెల్లారడానికి ఇంకెంతుందో చెప్పేవాడు. గడియారం ఉండేది గానీ దానికి కీ ఇచ్చే తీరిక ఎవరికుంది!

పొద్దున్నే అమ్మమ్మ జొన్న సంగటి ముద్ద, గోంగూర పచ్చడి, ఉల్లిపాయ మూటగట్టి, సొరబుర్రలో మజ్జిగ పోసిస్తే, కిర్రు చెప్పులు చప్పుడు చేసుకుంటూ ఆయన ముందు, మేకలు నడుమ, సెలవులైతే మేము వెనక. తడిసిన గొంగడి వాసన, మేకల వాసన, తొలకరికి నల్లరేగడి లేపే వాసన మూడూ కలిస్తే మా తాత. ఎండల్లో తునికి పళ్ళు, సారపళ్ళు తినిపించేవాడు, మోదుగాకులు కోసుకొచ్చి పడేస్తే అమ్మమ్మ ఈనెపుల్లలతో విస్తళ్ళు కుట్టేది. ఆశ్వయుజం వచ్చిందంటే సీతాఫలాలే. గంప నింపేద్దామని మేము ఎగబడితే, ‘చెట్టుకు నాలుగు వదలండిరా అబ్బయా, ఎలుగ్గొడ్డు గూడా తినాల గదా’ అనేవాడు.

వానలు బాగా పడ్డ ఏడు ఎత్తిపోతలకు తీసుకెళ్ళేవాడు. చంద్రవంక 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంటే ఆయన నీళ్ళకేసి చూడడు, కళ్ళు మూసుకుని వింటాడు.

1967లో ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీళ్ళు వదిలాక, కాలువ కింద పొలాలున్న చుట్టాలు వచ్చి కౌలు చేసుకోమని పిలిచారు. తాత వెళ్ళి చూసొచ్చి, ‘నీళ్ళు బాగున్నయ్, కూచోను ఒక్క గుట్ట లేదు’ అన్నాడు. ఆ మాట అక్కడితో సరి. 1983లో ఆ అడవి ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చి కట్టుబాట్లు పెరిగితే మాత్రం, గొణక్కుండా మందను అమ్మేశాడు. పులిది ముందు, మనది తర్వాత అని ఆయన లెక్క. మేకలు లేకపోయినా పొద్దున్నే కర్ర పుచ్చుకుని గుట్ట మొదలు దాకా వెళ్ళొస్తేనే ఆయనకు సంగటి దిగేది.

ఒక కార్తీకంలో, కారంపూడి వీరుల తిరునాళ్ళకు ముందు పోయాడు. దొడ్లోనే.

సీతాఫలాల కాలంలో మాచర్ల వైపు వెళ్తే కన్ను విచ్చిన కాయలే ఏరుకోండి. నొక్కి చూడొద్దు, నల్లబడతాయి.