మౌతార్గాన్ల ఊళ్లో అరగదీసిన పనిముట్లు

జర్మనీ వెళ్లినవాళ్లు బ్లాక్ ఫారెస్ట్ చూసి వెనక్కొచ్చేస్తారు. దానికి తూర్పున ఉన్న ట్రోసింగెన్ చాలామంది లిస్టులో ఉండదు. 1857లో మథియాస్ హోనర్ అనే గడియారాల పనివాడు మౌతార్గాన్ల తయారీ మొదలుపెట్టింది ఇక్కడే. పాత ఫ్యాక్టరీ భవనంలో ఇప్పుడు హార్మోనికా మ్యూజియం ఉంది.

వాయిద్యాలు సరే, నన్నడిగితే అసలు ముచ్చట పనిముట్లది. మౌతార్గాన్‌లో పలికేది రీడు. ఒక చివర రివెట్‌తో బిగించిన సన్నని ఇత్తడి రేకు అది. కొస దగ్గర కాస్త గీకితే శ్రుతి పెరుగుతుంది, రివెట్ దగ్గర గీకితే తగ్గుతుంది. సూత్రం అంతే! కానీ స్క్రేపర్ మొద్దుబారిందనుకోండి, జారి అడ్డంగా గాటు పడుతుంది. వాయించగా వాయించగా రీడు ఆ గాటు దగ్గరే విరుగుతుంది. అందుకే పొడవునా, తేలిగ్గా గీకాలి. అంచున చిన్న ముల్లు లేచినా అది పలకకు తగిలి స్వరం గరగరమంటుంది.

రిపేరు చేసేవాళ్లలో చాలామంది పనిముట్లను కొన్నవి కొన్నట్టే వాడరు. పాత ఆకురాయి పళ్లు అరగదీసి స్క్రేపర్ చేసుకుంటారు. రీడు కింద ఆనుగా పెట్టే ఫీలర్ గేజ్ రేకు మూలల్ని గుండ్రంగా మారుస్తారు. గ్రైండర్ మీద తొందరపడితే మామూలు ఉక్కు నీలంగా మారిపోతుంది, ఇక పదును నిలవదు. మాటిమాటికీ నీళ్లలో ముంచాల్సిందే. చివరి పదును మాత్రం సానరాయి మీద, నూనె చుక్కేసి, చేత్తోనే.

ఇంట్లో పాత మౌతార్గాన్ ఉంటే కవర్ ప్లేటు విప్పి చూడండి. రీడ్ల మీద సన్నని గీతలు కనిపిస్తే, అవి శ్రుతి చేసిన గుర్తులు.