నీలి ఆటస్థలం

పిల్లలూ! ఆటస్థలం రంగేమిటంటే పచ్చన అంటారు మీరు. అమెరికాలో ఐడహో రాష్ట్రపు ముఖ్యపట్టణమైన బోయిసీ చూసినవారు అలా అనరు. అక్కడ నది ఒడ్డున ఉన్న విశ్వవిద్యాలయపు ఆటస్థలంలో 1986 నుంచీ నీలిరంగు కృత్రిమపు గడ్డి పరచి ఉన్నది!

వారి ఫుట్‌బాల్ బంతిని చేతపట్టి పరుగెత్తే ఆట. ఈ జట్టుకు పేరు తెచ్చిన పందెం మాత్రం సొంత ఊళ్ళో కాదు, 2007 జనవరి 1న అరిజోనాలోని గ్లెన్‌డేల్‌లో జరిగింది. ప్రత్యర్థులు పేరుమోసిన ఒక్లహోమావారు. అదనపు ఆటలో ఒక్లహోమాకు 42, బోయిసీకి 41. ఇక బంతిని స్తంభాల మధ్యకు తన్నితే ఒక పాయింటు, ఆట సమం. అది సులువు. మూడు గజాలు మోసుకుపోతే రెండు పాయింట్లు, గెలుపు. మధ్యలో చిక్కితే ఓటమే! శిక్షకుడు క్రిస్ పీటర్సన్ రెండోదానికే తెగించాడు.

జబ్రాన్‌స్కీ కుడిచెయ్యెత్తి బంతి విసిరినట్టు నటించాడు. కాని బంతి వీపు వెనక, ఎడమచేతిలో ఉన్నది! ఇయాన్ జాన్సన్ దాన్ని అందుకుని ఎడమవైపు పరుగుతీశాడు. 43–42! ఎత్తిన చెయ్యిని బట్టి ఈ ఎత్తుకు న్యూయార్క్ స్వాతంత్ర్యదేవత విగ్రహం పేరే పెట్టారు.

సమం చేసి మళ్ళీ ఆడవచ్చు కదా అనేవారుంటారు. నేను శిక్షకుడి పక్షమే. అయితే ఆ పరుగు మధ్యలో ఆగి ఉంటే, నేనూ ఆయన్నే తప్పుపట్టి ఉందునేమో!