మత్స్యకన్యకు మోకాళ్లు

తెలుగు పాఠం చెప్పుకొని బతికేవాడికి చేపల శరీరంతో యేం పని అని మీరు అడగవచ్చు. మా ఆవిడా అదే అడిగింది. పని మా అమ్మాయి పెట్టింది. దానికి పదమూడేళ్లు. బడి వార్షికోత్సవంలో మత్స్యకన్య వేషం కడతానని పట్టుబట్టింది. 1996లో వచ్చిన ‘సాహసవీరుడు సాగరకన్య’ను టీవీలో రెండుసార్లు చూసింది. ఎగ్జిబిషన్‌లో గాజుతొట్టిలో తోక ఆడిస్తూ యీదే ఆవిణ్ణీ చూసింది. అక్కడితో ఆగితే బాగానే వుండేది. వేసవి సెలవుల్లో ఆ తోకతోనే యీతకొలనులో దిగుతానన్నది. నిరుడే యీత నేర్చుకున్న పిల్ల! నాకు గుండె గుభేలుమంది.

వద్దంటే వినే వయసు కాదు. యెందుకు వద్దో చెప్పాలి. చెప్పాలంటే ముందు నాకు తెలియాలి గదా.

మన కావ్యాలను నమ్ముకుంటే లాభం లేకపోయింది. మన కవులు చేపను ఆడవారి కళ్లకు యిచ్చారు గాని కాళ్లకు యివ్వలేదు. భారతంలో మత్స్యగంధి చేప కడుపున పుట్టింది. అయినా ఆమెకు పొలుసూ లేదు, తోకా లేదు, మిగిలిందల్లా వాసన. థాయిలాండు వారి రామాయణంలో మాత్రం రావణుడి కూతురు సువణ్ణమచ్చ అనే మత్స్యకన్య వున్నది. ఆమె హనుమంతుణ్ణి ప్రేమిస్తుంది. మన నాగలాపురంలో వేదనారాయణస్వామి నడుము కింద చేపరూపంతో వెలశాడు. ఆయనకు యీత నేర్పవలసిన పని యెవరికీ లేదు.

చివరకు జంతుశాస్త్రం చెప్పే మిత్రుణ్ణి వెంటబెట్టుకొని, ఆదివారం పొద్దున్నే మా వరంగల్లు చేపల బజారుకు వెళ్లాను. మా యింట్లో చేప వండరు. కనుక యెరిగినవాళ్లెవరైనా చూస్తారేమోనన్న బెరుకు కొంత లేకపోలేదు.

మిత్రుడు ఒక బొచ్చెను కోయించి చూపించాడు. వెన్నెముక తల వెనకనుంచి తోక మొదటిదాకా సాగింది. దానికి రెండు పక్కలా కండ మడతలు మడతలుగా పేర్చినట్లున్నది. ఒక పక్క కండ ముడుచుకుంటే చేప ఆ పక్కకు వంగుతుంది. తర్వాత రెండో పక్కకు. అంటే చేప తోక కుడికీ యెడమకూ కొట్టుకుంటుంది. అందుకే తోక రెక్క నిలువుగా వుంటుంది.

“ఇప్పుడు నీ కాళ్లు రెండూ కలిపి కట్టి, అట్లా పక్కలకు ఆడించు చూద్దాం” అన్నాడు మిత్రుడు, అంతమంది మధ్యన.

ఆడవు. మన నడుమూ మోకాళ్లూ ముందుకూ వెనక్కూ మడిచేందుకే వున్నవి. కాళ్లు కట్టుకొని నీళ్లలో బోర్లా పడుకుంటే ఆ తోక కిందికీ పైకీ మాత్రమే కొట్టుకుంటుంది. కనుక తోక రెక్క అడ్డంగా పరచుకొని వుండాలి. డాల్ఫిన్‌కు, తిమింగలానికి వున్నది ఆ రకమే. అవి చేపలు కావు, మనలాగా పాలిచ్చి పెంచే జంతువులు. వాటి వెన్నెముక వంగే తీరూ కిందికీ పైకీనే. కాబట్టి వేషానికి పొలుసులు చేపవి, పోకడ డాల్ఫిన్‌ది.

ఇంకొక వింత చూపించాడు. బొచ్చె పొట్ట కింద ఒక జత చిన్న రెక్కలున్నవి. వాటిని పుస్తకాల్లో వాజాలంటారు. కోట్ల సంవత్సరాల కిందట అటువంటి జతనుంచే నాలుగుకాళ్ల జంతువుల వెనక కాళ్లు వచ్చాయట. చేప తోక మాత్రం రెండు కాళ్లు అతుక్కొని యేర్పడింది కాదు. అది వెన్నెముకకు కొనసాగింపు. అలంకారానికి మత్స్యకన్య తుంటి పక్కన కుచ్చులు కుడతారే, న్యాయంగా ఆమె కాళ్లు అవి!

“తీసుకుంటరా సారూ, సూస్తనే ఉంటరా?” అన్నది చేపలమ్మే ఆమె. మిత్రుడు కిలోన్నర తీసుకున్నాడు. నేను జ్ఞానం తీసుకున్నాను.

తోక ఆకారం దగ్గర తగువు వచ్చింది. మన తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను. దాని తోక విసనకర్రలాగా గుండ్రంగా వుంటుంది. “అది బాగుండదు నాన్నా, బొచ్చె తోకలాగా చీలి వుండాలి” అన్నది అమ్మాయి. అభిమానం చంపుకొని ఒప్పుకున్నాను.

దర్జీ నా అంచనాకు మించినవాడు. పొలుసులకు చమ్కీలను కిందినుంచి పైకి కుట్టాలన్నాడు, పెంకుటింటికి చూరునుంచి పెంకులు పేర్చుకొచ్చినట్లు. పై వరుస అంచు కింది వరుస మీద పడుతుంది. చేప పొలుసులూ అంతే. మొదలు తోలులో నాటుకొని, కొన తోకవైపు వదులుగా వుంటుంది. తర్వాత అమ్మాయి కొలతలు తీస్తూ, “సార్, మోకాలుకాడ జాగ ఇడువకుంటే పాప ఎట్ల కూసుంటది?” అన్నాడు. మిత్రుడూ నేనూ వారం రోజులు మాట్లాడుకున్న శాస్త్రమంతా ఆ ఒక్క ముక్కలో వున్నది.

నీళ్ల భయం మాత్రం మిగిలింది. చేపకు మొప్పలున్నవి. బొచ్చె వంటివాటికి లోపల గాలితిత్తి కూడా వుండి శరీరాన్ని తేల్చి నిలుపుతుంది. అలసిపోతే నీళ్లలోనే ఆగుతుంది. మా అమ్మాయి అలసిపోతే నిలబడాలి. కాళ్లు కట్టేసి వుంటే రొమ్ములోతు నీళ్లలోనూ నిలబడటం కష్టం. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రాన వీకీ వాచీ అనే నీటిబుగ్గలో 1947నుంచి మత్స్యకన్యల ప్రదర్శనలు జరుగుతున్నవి. ఆ ఆడవాళ్లు నీటి అడుగున గొట్టాలతో గాలి పీల్చుకొంటారు, దానికి ముందు గట్టి తర్ఫీదు పొందుతారు. ఇదంతా అమ్మాయికి చెప్పాను. శ్రద్ధగా విన్నది. విని, “అయితే నేనూ తర్ఫీదు పొందుతాను” అన్నది.

చివరకు ఒప్పందం కుదిరింది. తోకకు నడుముదగ్గర ముళ్లు, హుక్కులు వుండవు. లాగితే వూడే వెల్‌క్రో పట్టీ మాత్రమే. నీళ్లలో యీత నేర్పే ఆమె చెయ్యందే దూరంలో వుండాలి. అంతకంటే ముందు, యింట్లో చాపమీద పడుకొని, నేను అయిదు లెక్కపెట్టేలోగా తోకలోనుంచి రెండు కాళ్లూ బయటికి తియ్యాలి. అంతవరకూ కొలను మాట యెత్తకూడదు.

రోజూ రాత్రి భోజనాలయ్యాక సాధన జరుగుతున్నది. వాళ్లమ్మ గడియారం పట్టుకొని కూర్చుంటుంది. నా లెక్క మీద నమ్మకం లేదు. నిన్న రాత్రి పద్నాలుగు దాకా పట్టింది.