రెండు తూటాలు, ఒకే మ్యాగజైన్

నా ఎడమ చేతి చూపుడు వేలూ మధ్య వేలూ పూర్తిగా ముడుచుకోవు. ఎవరైనా అడిగితే "యాక్సిడెంట్" అంటాను. కారు ప్రమాదం అనుకుని ఊరుకుంటారు. ఇన్నేళ్లు టెక్సస్‌లో ఉండి కూడా తుపాకీ అని చెప్పాలంటే మనవాళ్ల ముందు నోరు రాదు. చెబితే ఇంకో అరగంట వివరించాలి. ఆ అరగంట ఇక్కడ చెబుతాను.

రైఫిల్ మా బావది. అక్కావాళ్లు డాలస్‌కి ఉత్తరాన ఉంటారు. బావకు పౌరసత్వం వచ్చాక ఆఫీసులో స్నేహితులతో కలిసి అడవిపందుల వేట అలవాటైంది. టెక్సస్‌లో ఆ పందులు పొలాలను కుళ్లగిస్తాయి. భూమి యజమాని ఒప్పుకుంటే ప్రైవేటు భూముల్లో వాటిని వేటాడటానికి 2019 నుంచి లైసెన్స్ కూడా అక్కర్లేదు. నేను హెచ్-1బి మీద ఉన్నంతకాలం బావ తుపాకీని ముట్టుకోలేదు. భయం వల్ల కాదు, చట్టం వల్ల. వలసేతర వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ ఉన్నా, తూటా ఉన్నా ఫెడరల్ నేరమే. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి గానీ, వాటి సంగతి ఎంతమందికి తెలుసు? రేంజిలో అద్దె తుపాకీ పేల్చి ఫొటోలు పెట్టే మన కుర్రాళ్లను చూస్తే నాకు గుండె జారుతుంది. గ్రీన్‌కార్డు వచ్చాకే బావ పిలుపుకు సరేనన్నాను.

అది ఏఆర్-15. 1950లలో యూజీన్ స్టోనర్ గీసిన నమూనా. రైఫిల్ రెండు ముక్కలు. కింది భాగంలో ట్రిగ్గరు, మ్యాగజైన్ దూరే గూడు. పై భాగంలో బారెలు, బోల్టు. రెండింటినీ కలిపి పట్టి ఉంచేవి రెండే రెండు పిన్నులు. అమెరికా చట్టం దృష్టిలో తుపాకీ అంటే ఆ కింది ముక్కే. దానికే నంబరు, దానికే కొనేటప్పుడు ఆరా తీయడం. పై ముక్క విడి సామాను లెక్కలోకి వస్తుంది, పోస్టులో ఇంటికి వచ్చేస్తుంది. అందుకని ఒక కింది ముక్క కొనుక్కుని, పైన మాత్రం ఒకరోజు ఒకటి, ఇంకోరోజు ఇంకొకటి తగిలించుకుంటారు. బావ దగ్గర అలాంటివి రెండున్నాయి. గురి సాధనకు 5.56 తూటా పేల్చేది, పందులకు 300 బ్లాకౌట్ తూటా పేల్చేది.

బావతో రేంజికి వెళ్లిన రోజు బిగించింది 5.56. ఒక మ్యాగజైన్ పేల్చాను. బాగానే ఉంది. భుజానికి దెబ్బ తగులుతుందేమో అనుకున్నా, అదీ లేదు. బావ సంచిలోంచి ఇంకో మ్యాగజైన్ తీసి చేతికిచ్చాడు. నల్ల ప్లాస్టిక్కే, మొదటిదానికి కవల. అంతకుముందు వేటకు వెళ్లినప్పుడు నింపింది సంచి అడుగున ఉండిపోయిందని తరవాత తేలింది. పెట్టాను, క్లిక్ మంది. బోల్టు వదిలాను, మామూలుగానే మూసుకుంది. ఎడమ చెయ్యి మ్యాగజైన్ గూడు ముందు పట్టుకుని ఉంది, కొత్తవాళ్లు చాలామంది అలాగే పట్టుకుంటారట.

చెవులకు మఫ్స్ ఉన్నందువల్లో ఏమో, చప్పుడు నాకు గుర్తులేదు. వేడి గుర్తుంది. చేతిలోంచి ఎవరో రైఫిల్ లాక్కున్నట్టు కిందికి ఒక గుంజు. ముఖం మీద ఇసక కొట్టినట్టయింది. కళ్లజోడు మీద మసి. మ్యాగజైన్ అడుగు ఊడిపోయి స్ప్రింగూ తూటాలూ కాంక్రీటు మీద దొర్లుతున్నాయి. నొప్పి లేదు. చేతిని చూసుకుంటే అది నాది అనిపించలేదు.

బావ "రేయ్, రేయ్" అంటున్నాడు తప్ప ఇంకేమీ అనలేకపోతున్నాడు. ఎవరో "సీజ్ ఫైర్" అని అరిచారు. పక్క లేన్లోని ఒక ముసలాయన తన సంచిలోంచి ఒత్తిడి కట్టు తీసి మణికట్టు దాకా బిగించి చుట్టాడు. చెయ్యి తలకంటే పైకెత్తి ఉంచమని, దానివైపు చూడొద్దని, తనవైపే చూడమని అన్నాడు. అంబులెన్స్ వచ్చేదాకా నన్ను మాటల్లో పెట్టాడు. పేరు అడిగాడు, ఊరు అడిగాడు, గుంటూరు అంటే ఎక్కడని అడిగాడు. మిరపకాయల గురించి చెప్పానని బావ అంటాడు. నాకు గుర్తులేదు.

అసలు జరిగిందేమిటో రైఫిల్ బాగుచేసే అతను చెప్పాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక, నాకు తెలుసుకోవాలని ఉందని నేనే బావని వెంటబెట్టుకుని వెళ్లాను. పై భాగం అల్యూమినియం రెండు పక్కలా ఉబ్బిపోయి ఉంది. బోల్టు చేతికి కదల్లేదట, కోసి తీశాడు. బోల్టు పళ్లు విరిగాయి. బారెలు మొదట్లో బుల్లెట్ బిగుసుకుని ఉంది, సన్నగా సాగిపోయి.

రెండు రకాల తూటాలు తెచ్చి బల్లమీద నిలబెట్టాడు. 300 బ్లాకౌట్ అనేది 5.56 కుటుంబంలోదే. దాని ఇత్తడి కేసును పొట్టిచేసి, మూతి వెడల్పుచేసి, లావు బుల్లెట్ పెట్టారు. అడ్వాన్స్‌డ్ ఆర్మమెంట్ కార్పొరేషన్ దీన్ని రూపొందిస్తే, 2011లో అమెరికా తుపాకీ పరిశ్రమ ప్రమాణాల సంస్థ ఆమోదించింది. ఉద్దేశం మంచిదే. సైనికుల రైఫిల్లో బారెలొక్కటి మారిస్తే చాలు, లావు తూటా పేలాలి. బోల్టు అదే, మ్యాగజైన్ అదే, అందులో పట్టే 30 తూటాలూ అవే 30. రెండింటి అడుగూ 9.6 మిల్లీమీటర్లే కాబట్టి బోల్టుకు తేడా తెలియదు. తేడా అంతా ముందు వైపే. అసలు కేసు పొడవు 44.7 మిల్లీమీటర్లు, దీనిది 34.7. ఆ బుల్లెట్ లావు సుమారు 5.7, ఈ బుల్లెట్ లావు 7.8.

పొట్టి కేసు కదా, 5.56 బారెలు మొదట్లో తూటా కూర్చునే గదిలో ముందు ఖాళీ మిగులుతుంది. లావు బుల్లెట్ ఆ ఖాళీలోకి వెళ్లి, గది మెడ సన్నబడేచోట ఆగుతుంది. పొడుగు, బరువు బుల్లెట్ అయితే చాలాసార్లు బోల్టు పూర్తిగా మూసుకోదు. అప్పుడు రైఫిల్ పేలదు, మనిషి బతికిపోతాడు. నాకు దొరికింది పొట్టి, తేలిక రకం. బోల్టు విసురుకి బుల్లెట్ కేసులోకే కొంచెం వెనక్కి జరిగి చోటిచ్చింది. బోల్టు మూసుకుంది. ట్రిగ్గర్ నొక్కితే 7.8 లావున్నది 5.7 సందులోంచి పోవాలి. పోలేదు. మందు కాలిన గ్యాస్ ముందుకు దారిలేక వెనక్కి తిరిగి, కేసు అడుగు పగలగొట్టి, మ్యాగజైన్ గూట్లోంచి కిందికి దూసుకుపోయింది. అక్కడ నా చెయ్యి ఉంది.

పెట్రోలు బంకులో డీజిల్ గొట్టం పెట్రోలు కారు మూతిలో దూరదు. కావాలనే లావుగా చేస్తారు, తొందరలో ఉన్న మనిషిని నమ్మలేక. ఇదే రైఫిల్‌కి 6.5 గ్రెండెల్ తూటా వాడాలంటే దాని అడుగు సుమారు 11.2 మిల్లీమీటర్లు, బోల్టు ముఖమే మార్చాలి, మ్యాగజైన్ వేరేది కావాలి. ఆ ఇబ్బందే అక్కడ కాపలా. బ్లాకౌట్‌లో ఇబ్బంది తీసేశారు, దాంతోపాటు కాపలా కూడా పోయింది. బారెలు మీద కొలత చెక్కి ఉంటుంది, తూటా అడుగున అచ్చు వేసి ఉంటుంది, నిజమే. కానీ మ్యాగజైన్‌లో పేర్చాక తూటా అడుగు ఎవరికి కనబడుతుంది? నా కోపం బావ మీద కంటే ఆ కలిసిపోవడం మీదే ఎక్కువ. అక్క మాత్రం ఒప్పుకోదు, ఆమె కోపం సూటిగా బావ మీదే.

ఆస్పత్రి సంగతి క్లుప్తంగా చెబుతాను. రెండు వేళ్ల నరాలు, ముడిచే తంతువులు తెగాయి. ఆపరేషన్ చేసి కుట్టారు. దవడలో, ముంజేతిలో లోహపు రేణువులు. తీయగలిగినవి తీశారు, లోతుగా ఉన్నవి వదిలేశారు, తీయబోతే ఇంకా పాడవుతుందని. తరవాత ఎప్పుడో నడుము నొప్పికి ఎమ్మారై తీయాల్సివస్తే అక్కడి వాళ్లు జంకారు. ఇత్తడి ముక్కలైతే అయస్కాంతానికి కదలవు, బోల్టు ఉక్కు ముక్కలైతే కదులుతాయి. ఎక్స్‌రేలో రెండూ తెల్లచుక్కలే. ఇప్పటికీ ఎక్కడ ఫారం నింపినా "శరీరంలో లోహం" దగ్గర అవునని రాయాలి.

కష్టమంతా చేతి వ్యాయామంలో ఉంది. కుట్టిన తంతువు అతుక్కుపోకుండా కదపాలి, తెగకుండా కదపాలి. ఈ రెంటి మధ్య ఎంతో ఆ థెరపిస్టుకే తెలుసు. ఆమె వేలు పట్టుకుని నెమ్మదిగా వంచుతుంటే నేను గోడమీది గడియారం చూస్తూ కూర్చునేవాణ్ణి. ఉద్యోగంలో ఒంటిచేత్తో టైపు చేశాను. అన్నం కలుపుకోవడానికి కుడిచెయ్యి మిగిలింది, అదొక అదృష్టం. కుడి చెవిలో గుయ్‌మనే మోత మాత్రం అలాగే ఉంది.

తుపాకీ గాయాలు పోలీసులకు తెలపడం టెక్సస్‌లో డాక్టర్ల విధి. ఎమర్జెన్సీ గదికి ఒక ఆఫీసరు వచ్చాడు. ఎవరు కాల్చారని అడిగితే, ఎవరూ కాల్చలేదని చెప్పడానికి చాలాసేపు పట్టింది. తరవాత వీసా ఏమిటని అడిగాడు. గ్రీన్‌కార్డు అన్నాను. ఆ ప్రశ్నకు వేరే జవాబు ఉండే రోజుల్లో బావ పిలుపుకు వెళ్లి ఉంటే ఏమయ్యేదో, మంచం మీద పడుకుని అదే ఆలోచించాను.

అన్నిటికంటే నలిపేసింది ఇన్సూరెన్స్ ఉత్తరం. ఆపరేషన్ ఖర్చు కట్టాక నా ఆరోగ్య బీమా కంపెనీ ఒక ఫారం పంపింది. గాయం ఎక్కడైంది, ఎలా అయింది, దీనికి వేరెవరైనా బాధ్యులా. ఎవరైనా ఉంటే వాళ్ల బీమా నుంచి తమ డబ్బు తాము రాబట్టుకుంటారు. అంటే బావ ఇంటి బీమా మీద పడతారు. గుంటూరు నుంచి అమ్మ ఫోను. "బావ పేరు రాయకురా. కూతురి కాపురం అది. ఏ మెషీనో పేలిందని రాసెయ్." మెషీనే పేలిందమ్మా అన్నాను. నాన్న పక్కనుంచి కోర్టు కేసా అని అడుగుతున్నాడు. ఫారం డైనింగ్ టేబుల్ మీద చాలా రోజులే పడి ఉంది. గడువు దగ్గరపడుతుంటే బావే ఇంటికొచ్చాడు. ఫారం చదివాడు, పెన్ను నా ముందు పెట్టాడు. "రాయి. అబద్ధం రాస్తే రేపు చిక్కు నీకే. మ్యాగజైన్ నేనిచ్చానని రాయి."

రాశాను. బీమావాళ్లు ఫోన్ చేసి ఏ తూటా, ఏ బారెలు, ఎవరు నింపారని గుచ్చిగుచ్చి అడిగారు. బావ అన్నిటికీ ఉన్నదున్నట్టు చెప్పాడు. వాళ్ల కంపెనీ చెల్లించింది. ఇంటి బీమా ప్రీమియం పెరిగింది, ఎంత పెరిగిందో అక్క ప్రతి ఏడూ నాకు వినిపిస్తుంది, నన్ను కాదు తిట్టేది అని చివర్లో చేరుస్తుంది.

బ్లాకౌట్ పై ముక్కను బావ అమ్మలేదు. దాని మ్యాగజైన్లు మాత్రం ఇప్పుడు ఇటుకరంగువి, ప్రతిదానిమీదా 300 అని తెల్లరంగుతో రాశాడు, వేరే అలమారాలో వేరే తాళం కింద పెట్టాడు. రేంజికి వెళ్లేటప్పుడు ఒక బారెలుకు సంబంధించిన సంచే తీసుకెళతాడు. అప్పుడప్పుడు నన్నూ రమ్మంటాడు, పక్కన ఊరికే కూర్చోరా అంటాడు. నేను వెళ్లను. అక్క కూడా వెళ్లొద్దనే అంటుంది. ఈ మొత్తం వ్యవహారంలో మేమిద్దరం ఒకమాట మీదున్నది ఆ ఒక్కదాంట్లోనే.